కందిలికి, చిన్న మామ చేతికి

దేవరకొండ,
ఆదివారం, పగటి పూట

అరేయ్ కందిలీ,

కోపం చెయ్యకు. నీ ఉత్తరం సంక్రాంతికి ముందే వచ్చింది. రోజూ రాద్దామనుకునుడు, రోజూ ఏదో ఒకటి అడ్డం పడుడు. ఫోన్ చేస్తే మీ మగ్గాల చప్పుడుల నువ్వు "ఆఁ? ఆఁ?" అనుడే గాని ఒక్క ముచ్చట నీ చెవిన పడదు. ఇది అట్ల చెప్పేది కాదు. చిన్న మామ పొద్దుమీకి భివండీ బస్సు ఎక్కుతున్నడు, ఆయన చేతికిస్త.

ముందు ఊరి సంగతులు గబగబ. అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నయి. మీ ఇంటికి పైసలు ముట్టినయి, మీ అమ్మకు నేనే లెక్కబెట్టి ఇచ్చిన. బత్తాయి చెట్లకు నీళ్లు సరిపోతలేవు. ఎండలు ముదురుతున్నయి, బోరు మోటార్లు కాలుతున్నయి, షాపుల వైండింగ్ పనికి ఊపిరి సలుపుతలేదు. పెద్దసారు గొడుగు ఇంకా మా అటక మీదనే ఉన్నది, భయపడకు.

ఇగ అసలు ముచ్చట. మా బుడ్డోని కిడ్నీల గురించి.

నువ్వు దసరాకు వచ్చినప్పుడు వాడిని హైదరాబాద్ తోలుకపోయుడే చూసినవ్. వారానికి మూడు సార్లు, తెల్లారుగట్ల 4 గంటలకు లేపి, మాల్, ఇబ్రహీంపట్నం ఊర్ల మీదికెళ్లి వంద కిలోమీటర్లు పోవుడు. మెడ కాడ గొట్టం పెట్టి నాలుగు గంటలు రక్తం కడిగేటోళ్లు. మల్ల రాత్రికి ఇల్లు. ఏడేండ్ల పోరడు, బస్సుల నా తొడ మీద తలపెట్టి "నాయినా, రేపు కూడానా?" అంటుండె. అప్పుడు నీకు చెప్పలే గాని, ఒక్కోసారి కిటికీ దిక్కు ముఖం తిప్పుకునేటోన్ని.

దీపావళి అయినంక కడుపుల గొట్టం వేసిన్రు. బొడ్డు పక్కకెళ్లి మెత్తగ, సిలికాన్‌ది. టెంకాఫ్ అనే డాక్టరు 1968ల చేసిన గొట్టమంట, ఇప్పటికీ అదే పేరు. పేగుల మీద పల్చటి పొర ఉంటది గదా, అదే జల్లెడ. గ్లూకోజు కలిపిన నీళ్లు గొట్టంల నుంచి లోపలికి పోతయి, కొంచెంసేపు ఉంటయి, రక్తంల ఉన్న చెడు, ఎక్కువైన నీళ్లు ఆ పొర దాటుకొని వాటిల్లకు దిగుతయి, మల్ల బయటికి. పెరిటోనియల్ డయాలసిస్, పీడీ అంటరు. రెండు వారాలు ఆడనే ఉండి ఇంటామె, నేను నేర్చుకున్నం. రాత్రి 9కి మిషన్‌కు తగిలిస్తే పొద్దున 7 దాకా అదే ఎనిమిది సార్లు నింపుతది, తీస్తది, ఒక్కోసారి 800 మిల్లీలీటర్లు. నీళ్లను అదే గోరువెచ్చగ చేసుకుంటది. తగిలించేటప్పుడు తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను బంద్ పెట్టి, మూతికి మాస్కు కట్టి, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలె. ముందు అర్ర నిండ నీళ్ల డబ్బాలే. కరెంటు పోతదని ఇన్వర్టర్ పెట్టిన, బ్యాటరీ నేనే చూసి తెచ్చిన.

వాడు ఇప్పుడు బడికి పోతుండు. బడికి, కందిలీ! పొద్దున 7కి గొట్టం ఇప్పి, మూత పెట్టి, 9కి బడి.

పోసినదాని కంటే ఎంత ఎక్కువ బయటికొచ్చిందో మిషన్ చూపిస్తది. రోజుకు 300, 350 మిల్లీలీటర్లు రావాలె. ఇంటామె బరువు, బీపీ, ఆ అంకె నోట్‌బుక్కుల రాస్తది. ఆ అంకె మంచిగుంటే మా ఇంట్ల చాయ కూడ రుచిగుంటది.

మిషన్‌కు ఒక చిన్న డబ్బ తగిలించిన్రు. పొద్దున రాత్రి లెక్కంతా దాన్నుంచి ఆసుపత్రికి పోతదని చెప్పిన్రు. మా ఇంట్ల సిగ్నల్ నీకెరుకే, నువ్వు ఎవలతోనో మాట్లాడనీకి ఏ ట్యాంకు ఎక్కేటోనివో, ఆ ట్యాంకు దిక్కు కిటికీల పెట్టిన ఆ డబ్బను. పెట్టి మర్చిపోయిన. కంపెనోళ్ల లెక్కలకేమో అనుకున్న.

ఇగ విను. పోయిన వారం మరదలు పెండ్లి, డిండిల. పొద్దున పోయి రాత్రికి వచ్చినం, రెండు రోజులు. మొదటి రాత్రి వచ్చేసరికి 11 దాటింది, అప్పుడు తగిలించినం. పొద్దున అంకె 260. ఆలస్యమైంది గదా అనుకున్నం. రెండో పొద్దు 180. ఇంటామె "వీని కండ్ల కింద ఉబ్బింది చూడు" అన్నది. నిద్రలేక అన్న నేను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తున్నది. ఆమె చూసింది, చెప్పింది, నేను వినలే.

మూడో రాత్రి రెండింటికి అలారం. నీళ్లు సరిగ బయటికి రాలేదని. లేచి చూసిన. గొట్టం మడతపడలే. క్లాంపు తెరిచే ఉన్నది. వాన్ని ఎడమ పక్కకు తిప్పిన, జర వచ్చింది. మల్ల 3కి అలారం. లేపి కూసోబెట్టిన. కండ్లు మూసుకొనే కూసున్నడు, నా భుజం మీద గదుమ ఆనించి. 4 దాటినంక మల్ల. మిషన్ శబ్దం చెవి పెట్టి విన్న. నాకు మోటరు కొట్టుకునుడు తెలుస్తది గదా, దీనిల ఏదో బరువుగ గుంజుతున్నట్టే అనిపించింది. పంపు పోయింది అని గట్టిగ తీర్మానం చేసుకున్న. వేరే మిషన్ వచ్చేదాక మల్ల మెడకు గొట్టం, మల్ల 4 గంటల బస్సు. తెల్లారేదాక అదే ఆలోచన.

పొద్దున అంకె 90. వాని బరువు 18.2 కిలోలు ఉండేది 18.9 అయింది.

ఆసుపత్రికి ఫోన్ చేద్దామని 9 కొట్టేదాక చూస్తున్న. ఫోన్ చేతులనే ఉన్నది, అదే మోగింది. హైదరాబాద్ సిస్టరమ్మ. నేను అల్లో అనంగనే ఏమన్నదో తెలుసా?

"అన్నా, రాత్రి బాబు నిద్రపోలేదు కదా?"

నాకు నోరు పడిపోయింది. నీకెట్ల ఎరుక అన్న. "నా ముందర ఉంది అన్నా. మొన్న ఆలస్యంగ పెట్టిన్రు. 260, 180, 90 వచ్చినయి. నీళ్లు దిగుడు రోజురోజుకు ఆలస్యమవుతుంది. రాత్రి మూడు సార్లు అలారం." అన్నీ చెప్తున్నది. ఆ డబ్బ, కిటికీల పెట్టి మర్చిపోయిన డబ్బ!

నిజం చెప్పాల్నంటే ముందు కోపమొచ్చింది. మా అర్రల రాత్రి రెండింటికి ఏమైందో వంద కిలోమీటర్ల అవతల ఒకామె చదువుతున్నది. పెండ్లి నుంచి ఎన్నింటికి వచ్చినమో సుత ఎరుక. జర ఆగినంక ఇంకోటి కొట్టింది నన్ను. నాలుగు నెలల సంది ప్రతి రాత్రి మేమిద్దరమే ఉన్నమనుకున్న, రా. అర్రల మేము, మిషన్, పోరడు. ఇంకెవలు లేరనుకున్న. ఇంకొకలు రోజూ పొద్దున వాని అంకె చూస్తున్నరు. నాకు గొంతు పట్టుకున్నది, ఫోన్ ఇంటామెకిచ్చి వాకిట్లకు పోయిన.

సిస్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న మిషన్ గురించి కానే కాదు. "బాబు దొడ్డికి ఎప్పుడు పోయిండు?" అని. ఇంటామె వాన్ని చూసింది. వాడు తల దించుకున్నడు. మూడు రోజులైందంట! పెండ్లి ఇంట్ల కొత్త మనుషులు, బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు, సిగ్గుపడి ఆపుకున్నడు. ఇంటికి వచ్చినంక అది గట్టిపడ్డది. పేగు నిండితే గొట్టం కొసను ఒత్తుతదంట, పక్కకు నెడుతదంట, నీళ్లు దిగవంట. పంపు మంచిగనే ఉన్నది, అడ్డం పైపు కాడ ఉన్నది. బోర్ల మట్టి పూడుకపోతే మోటరు ఇప్పి చూసేటోన్ని నేను చూస్తే తిడుత, నీకు తెలుసు.

తర్వాత డ్రెయిన్ బ్యాగు, అదే బయటికొచ్చిన నీళ్లు పడే బ్యాగు, దాని ఎనక పేపర్ పట్టి చూడమన్నది. నీళ్లల్ల నుంచి అక్షరాలు చదవరావాలె. మబ్బుగుంటే లోపల ఇన్ఫెక్షన్, అది మా అందరి పెద్ద భయం. ఇంటామె చదివింది, ఫోటో తీసి పంపింది. జ్వరం లేదు, కడుపునొప్పి లేదు, గొట్టం బయటికొచ్చిన కాడ ఎరుపు లేదు. ఇవి డబ్బ చెప్పదు కందిలీ. అంకెలే చెప్తది. నీళ్ల రంగు, కండ్ల కింద ఉబ్బు, ఇవన్నీ తల్లే చూడాలె. ఆ సిస్టరమ్మ సుత అదే అన్నది, మేము పొద్దున చూస్తం, రాత్రంతా ఎవలు కూసొని చూడరు, మబ్బుగ కనిపిస్తే మా ఫోన్ కోసం ఆగొద్దు అని గట్టిగ చెప్పింది.

డాక్టరు దొడ్డికి సాఫుగ వచ్చే సిరప్ వాట్సాప్‌ల రాసి పంపిండు. రేపటికి కాకుంటే ఎక్స్‌రేకు రమ్మన్నడు. ఆ ఒక్క రాత్రికి పసుపు క్లిప్పు బ్యాగులు కాదు, ఆకుపచ్చవి పెట్టమన్నడు, వాటిల్ల గ్లూకోజు 1.5 కాదు, 2.5 శాతం ఉంటది, నీళ్లు ఎక్కువ గుంజుతయి. ఇంకో సంగతి విను. రాత్రి మిషన్ పెట్టంగనే తెర మీద ప్రోగ్రాం మారింది, ఒప్పుకుంటరా అని అడిగింది. ఆడి నుంచే మార్చిండు రా, 800 ఉన్నది 700 చేసిండు, కడుపు మీద భారం తగ్గనీకి. ఎవలూ బస్సు ఎక్కలే. నేను ఒత్తంగనే అయిపాయె.

కాని అంతకంటే ముందు, పొద్దుమీకి 6కి, బుడ్డోడు "అమ్మా!" అని పరుగుపెట్టిండు. నాయినమ్మ దేవునికి దండం పెట్టుకున్నది. మేమందరం బాత్రూం తలుపు ముందర నిలబడ్డం. ఇట్లాంటి దానికి ఏడుస్తరా ఎవలన్న? ఇంటామె ఏడ్చింది. నేను సుత.

మర్నాడు అంకె 340. ఒక్క అలారం లేదు. నేను సంతోషంగ సిస్టరమ్మకు ఫోన్ చేసిన. "చూసిన అన్నా" అన్నది. నవ్వుతున్నది ఆమె. రెండు రోజులకు బరువు 18.3కు వచ్చింది, ఉబ్బు పోయింది.

ఊర్ల అందరు ఇంకా ఫ్లోరైడ్ నీళ్ల వల్లనే అంటున్నరు, మన నల్లగొండ పేరు చెప్తే అదే గదా. వీనిది అది కాదు, పుట్టుకతోనే మూత్రం దారిల పొర అడ్డం ఉండి కిడ్నీలు దెబ్బతిన్నయి అని డాక్టరు ఎన్నోసార్లు చెప్పిండు. ఎవలన్న మీ దిక్కు అడిగితే నువ్వు చెప్పు.

రాత్రంతా ఒకటే ఆలోచన వస్తది నాకు. మా ఇంటికంటే లోపల తండాలున్నయి, ఆడ ట్యాంకు ఎక్కినా సిగ్నల్ రాదు. అసొంటి ఇంట్ల ఒక పోరడుంటే వాని అంకె ఎట్ల పోతది? ఎవలకన్న చెప్పాలె, ఎవలకు చెప్పాల్నో...

నువ్వు ఉగాదికి వస్తవా? వస్తే 9 లోపల ఇంటికి రా, తర్వాత తలుపు తియ్యం. బుడ్డోడు నీకు మిషన్ చూపిస్త అంటున్నడు. దానికి పేరు పెట్టిండు, నీ పేరే పెట్టిండు, రాత్రంతా వెలుగుతది గదా అని.

జీవన్‌దాన్‌ల, అదే చనిపోయినోళ్ల కిడ్నీలు ఇప్పించే సర్కారు పథకంల, పేరు రాయించినం గాని ఇంటామె నా కిడ్నీ ఇస్త అంటున్నది. రక్తం గ్రూపు కలిసింది. పోయిన మంగళవారం ఆమె టెస్టులకు పోయినం, ఆడ డాక్టరు ఏమన్నడంటే

అరె, చిన్న మామ వచ్చిండు, బండి మీదనే ఉండి హారన్ కొడుతుండు. ఇది మల్ల రాస్త. సకినాలు పంపుతున్న, అమ్మ చేసింది.

నీ
చింతచెట్టు