బొమ్మలో పలుచని నట్టు కిందికి రావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో నట్లు వదులు కాకుండా చూసుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారి ఉద్దేశం మంచిదే. దానికి వేసిన బొమ్మ చూశాక మాత్రం ఊరుకోలేకపోయాను. ఒకే బోల్టుకు బిగించిన రెండు నట్లలో మందపాటిది కింద, పలుచని చెక్ నట్టు పైన చూపించారు. యంత్రాల మరమ్మతులో ముప్ఫై ఏళ్లు పానా పట్టినవాడిని. ఈ పొరపాటు ఎన్ని చోట్ల చూశానో లెక్కలేదు. పెద్దది బరువు మోస్తుంది, చిన్నది దానికి కాపలా కాస్తుంది అని తోచడం సహజమే. జరిగేది వేరు. కింది నట్టును కదలనీయకుండా పట్టుకుని పై నట్టును గట్టిగా బిగిస్తే, రెంటి మధ్యనున్న బోల్టు సాగి, లాగుడంతా పై నట్టు లోపలి మరల (చుట్ల) మీదికి వెళ్తుంది. కాబట్టి మరలు ఎక్కువున్న మందపాటిదే పైన ఉండాలి. ముందు పలుచనిది కొద్దిపాటి బిగువుతో, ఆ తర్వాత మందపాటిది పూర్తి బిగువుతో వేయాలి. దీనికి రెండు పానాలు కావాలి. ఒక్కదానితో కానిస్తే రెండు నట్లూ జంటగా తిరుగుతాయి తప్ప ఒకదాన్నొకటి బంధించుకోవు.

అన్ని చోట్లా నైలాన్ రింగు ఉన్న నైలాక్ నట్టు వేస్తే చాలన్న సలహా కూడా అందులో ఉంది. ఒకప్పుడు నేనూ అలాగే అనుకుని జనరేటరు పొగగొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపుకు నైలాక్ బిగించాను. కొన్ని వారాలకే గలగలమని మోత మొదలైంది. పానా తీసుకుని వెళ్లాను గాని దానితో పని పడలేదు, నట్టు వేళ్లకే వచ్చేసింది. నీలం రింగు ఉండాల్సిన చోట గోధుమరంగు పొర మిగిలింది, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. మామూలు నైలాన్ రింగు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వరకే నిలుస్తుంది. అలాంటి చోట పూర్తిగా లోహంతో చేసిన లాక్‌నట్టు వేయాలి. దాని పైభాగాన్ని నొక్కి కాస్త గుండ్రం తప్పించి ఉంచుతారు, ఆ వంకరే బోల్టును పట్టుకుంటుంది. బోల్టు మరలను గీరుతుంది గనుక తరచూ విప్పే చోట అది వద్దు. స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ లాక్‌నట్టును నూనె చుక్కయినా లేకుండా వేగంగా తిప్పితే రెండూ కరుచుకుపోతాయి, రంపంతో కోసి తీయాల్సిందే.

వేడి లేని చోట నైలాక్‌కు నేనేమీ వంక పెట్టను. ఆ రింగులో ముందుగా మరలు ఉండవు, బోల్టే దూరుతూ అచ్చు వేసుకుంటుంది. అందుకే బోల్టు కొన రింగు దాటి ఒకటి రెండు మరలైనా బయటికి కనిపించాలి. రింగు దగ్గరే ఆగిపోతే దానికీ మామూలు నట్టుకూ తేడా లేదు. పాతదాన్ని మళ్లీ వేసేముందు చేత్తో తిప్పి చూడండి. రింగు దగ్గర కూడా వేళ్లతోనే దిగిపోతుంటే అవతల పారేయండి. అయినా నైలాక్ నట్టు ఊడి పడకుండా ఆపుతుందే తప్ప, బిగువు తగ్గదని పూచీ ఇవ్వదు.

ఆ బిగువు సంగతిని 1969లోనే గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు తేల్చాడు. బిగించిన రెండు భాగాలూ అడ్డంగా అటూ ఇటూ జారితేనే నట్టు తనంతట తాను వదులవుతుందని ఆయన పరీక్షలు చూపించాయి. అలా జారకుండా ఉండాలంటే ముందు బోల్టుకు సరిపడా బిగువు ఉండాలి. వ్యాసంలో మెచ్చుకున్న స్ప్రింగ్ వాషరు, అంటే ఒకచోట తెగి కొనలు ఎగుడుదిగుడుగా ఉండే రింగు, ఆ బిగువుకు చాలా ముందే చదునైపోతుంది, ఆపై అది ఉత్త వాషరే. అడుగున వెడల్పాటి అంచు, దాని కింద పళ్లు ఉన్న ఫ్లాంజి నట్టు కొంత నయం. అయితే దాని కింద వాషరు వేసేవారిని కూడా చూశాను! పళ్లు వాషరును కరిస్తే నట్టూ వాషరూ కలిసి తిరుగుతాయి.

బోల్టు మీద ఏదైనా తిరిగే చోట, ఊడితే ప్రాణం మీదికి వచ్చే చోట, పైన గాళ్లున్న కాజిల్ నట్టు, ఆ గాడిలోంచి బోల్టు రంధ్రంలో దూర్చి కొనలు వంచే స్ప్లిట్ పిన్ను తప్ప ఇంకేదీ నా మనసుకు ఒప్పదు. నట్టు గాడికి బోల్టు రంధ్రం ఎదురుగా రాకపోతే తర్వాతి గాడి దాకా ఇంకాస్త బిగించాలి, వెనక్కి తిప్పకూడదు. చక్రం బేరింగుల దగ్గర మాత్రం దీనికి తలకిందులు. అక్కడ బిగువెక్కువైతే బేరింగు కాలిపోతుంది కనుక వెనక్కే తిప్పాలి. ఒకసారి వంచిన పిన్నును మళ్లీ సాగదీసి వాడవద్దు.

దయచేసి వచ్చే ఆదివారం ఆ బొమ్మ సరిచేసి వేయండి. చిత్రకారుడికి కొలతలు కావాలంటే, 10 మిల్లీమీటర్ల బోల్టుకు మామూలు నట్టు ఎత్తు సుమారు 8 మిల్లీమీటర్లు, పలుచనిది 5. ఆ 5 మిల్లీమీటర్లది కిందికి రావాలి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
పదవీ విరమణ చేసిన ఫిట్టరు