సమ్మె చేయలేని ఉద్యోగం

మేరీలాండ్, అమెరికా
8 నవంబర్ 2025

నాన్నకు నమస్కారాలు.

మొన్న ఫోనులో మీరు అడిగినదానికి తీరిగ్గా జవాబు రాస్తున్నాను. తీరికకు ఇప్పుడు కొదవ లేదు కదా. ‘జీతమివ్వని సర్కారుకు చాకిరీ ఎందుకు, అందరూ సమ్మెకు దిగండి’ అన్నారు. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు ఆఫీసు గడప తొక్కని మనిషి అలా అనడంలో వింత లేదు. ఆ దసరా మనింట్లో జీతం లేకుండానే గడిచింది. ఈ దసరాకు నా వంతు వచ్చింది.

కానీ ఇక్కడ కేంద్ర ఉద్యోగి సమ్మె చేస్తే నేరం. ఉద్యోగం పోవడమే కాదు, జైలుకూ పంపవచ్చు. 1981లో విమానాల రాకపోకలు నియంత్రించే కంట్రోలర్లు సమ్మె చేస్తే అధ్యక్షుడు రీగన్ 11 వేల మందికి పైగా ఉద్యోగులను తీసేశాడు. ఆ సంగతి ఇప్పటికీ ఎవరూ మరచిపోలేదు. అప్పుడు మీరు సర్కారును స్తంభింపజేశారు. ఇక్కడ సర్కారే తనంతట తాను స్తంభించి కూర్చుంది.

సెప్టెంబర్ 30తో బడ్జెట్ గడువు ముగిసింది, కొత్త ఖర్చుల బిల్లు కుదరక ఆఫీసులు మూతపడ్డాయి. డిసెంబర్‌తో ఆగిపోనున్న ఆరోగ్య బీమా రాయితీలను పొడిగించాలని డెమొక్రాట్ల పట్టు. ముందు ఆఫీసులు తెరవనివ్వండి, ఆ తర్వాత మాట్లాడదామని రిపబ్లికన్ల మాట. సెనేట్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటు పైసభలో, 60 ఓట్లు పడితేగాని బిల్లు కదలదు. 2018-19లో 35 రోజులు మూతపడిందే ఇంతవరకూ రికార్డు, ఇవాళ్టికి 39. నాలాంటివాళ్లం జీతం లేకుండా ఇంట్లో ఉన్నాం. అత్యవసర సేవల వాళ్లు జీతం లేకుండానే డ్యూటీకి వెళుతున్నారు.

అక్టోబర్ చివర్లో నాకు పే స్లిప్ వచ్చింది. చేతికందే మొత్తం దగ్గర సున్నా. అది పంపడానికి మాత్రం కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నాయి! అద్దెకు ఉద్యోగుల పరపతి సంఘం వడ్డీ లేని అప్పు ఇచ్చింది. అమ్మను కంగారు పడొద్దనండి, డబ్బు పంపొద్దు.

పక్కింటావిడ పరిస్థితి వేరు. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసే ఉద్యోగం, ఇద్దరు చిన్న పిల్లలు. జీతం రాని డ్యూటీకి వెళ్లాలన్నా కారులో పెట్రోలు ఉండాలి. మొన్న ఉద్యోగులకు ఉచితంగా సరుకులు పంచుతుంటే తోడు రమ్మంది. ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపితే ఒక సంచి ఇస్తారు: క్యారెట్లు, ఉల్లిపాయలు, బియ్యం, బీన్స్ డబ్బాలు. యూనిఫాం కనబడకుండా మెడదాకా స్వెట్టర్ వేసుకుంది. కార్డు చూపేటప్పుడు తన పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టింది. నా వెనక నిలబడ్డాయన మా భవనం ఊడ్చే కాంట్రాక్టు మనిషి. మాకు 2019 చట్టం ప్రకారం బకాయిలు రావాలి (దానికీ మెలిక పెట్టాలని వైట్‌హౌస్ చూసింది). ఆయనకు ఆ చట్టం కూడా లేదు.

ఇంతకీ మా అసలు భయం జీతం గురించి కాదు. ఈ ఏడాదిలోనే రాజీనామా పథకం కింద లక్షన్నర మందిని సాగనంపారు. ఆఫీసులు మూసి ఉండగానే, అక్టోబర్ 10న మరో 4 వేల మందికి ఉద్వాసన నోటీసులు పంపారు. సంఘాలు కేసు వేస్తే శాన్‌ఫ్రాన్సిస్కోలో న్యాయమూర్తి ఆపారు. 4.2 కోట్ల మంది పేదల ఆహార సాయం ఈ నెల ఆగిపోయింది. ఇవ్వమని కింది కోర్టులు చెబితే ప్రభుత్వం సుప్రీంకోర్టుదాకా పోయింది. తనిఖీ చేసేవాడిని, లెక్క చూసేవాడిని, చెక్కు పంపేవాడిని ఒక్కొక్కరినే తీసేస్తే చివరికి నష్టపోయేది ఆ సేవ మీద బతికేవాళ్లు. అందుకే నేనూ ప్లకార్డు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. పని వేళ కాదు కాబట్టి తప్పులేదు.

అయితే మాలో మాకే పడటం లేదు. అన్నిటికన్నా పెద్దదైన ఉద్యోగ సంఘం అక్టోబర్ 27న ఏ షరతులూ లేకుండా వెంటనే తెరవాలంది. ఇప్పుడు తగ్గితే మిగతా సేవలనూ కోసేస్తారు, ఓర్చుకుందాం అని కొన్ని స్థానిక సంఘాలు. నేను ఈ రెండో మాట వైపే. కానీ పక్కింటావిడ ముందు ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. సమ్మె నెల దాటాక, ఇక చాలు అన్నవాళ్లకు మీ సంఘంలో మీరేం చెప్పేవారో వివరంగా రాయండి.

పిన్ని కొడుక్కి ఒక మాట చెప్పండి. వీసా, గ్రీన్‌కార్డు కాగితాలు చూసే కార్మిక శాఖ విభాగం అక్టోబర్ 31న మళ్లీ తెరిచారు. అది మా శాఖ కాదు, రోజూ నాకు ఫోను చేసి లాభం లేదు.

మీ
అమ్మాయి