ఎడ్డీ పెట్టిన పత్రిక మాటేది?

సంపాదకులకు,

ఆదివారం సంచికలో క్రిస్టియన్ సైన్స్ అనే అమెరికా క్రైస్తవ శాఖ స్థాపకురాలు మేరీ బేకర్ ఎడ్డీ మీద వ్యాసం చదివాను. 1866లో లిన్ పట్టణంలో మంచు మీద జారిపడి, బైబిల్ చదువుతూ లేచి కూర్చున్న ముచ్చటే సగం పేజీ! 1844లో కడుపుతో ఉండగానే భర్త పోయాడు, కన్నకొడుకు చిన్నప్పుడే దూరమయ్యాడు. ఆ ఊసే లేదు. 87వ ఏట, 1908లో, క్రిస్టియన్ సైన్స్ మానిటర్ దినపత్రిక పెట్టించిందావిడ. పత్రికవాళ్లే పత్రిక సంగతి మర్చిపోతే ఎలాగండీ?

ప్రార్థనే వైద్యమన్న ఆవిడ మాట మాత్రం నాకు మింగుడుపడదు. షుగర్ మాత్రలు మానేసి, విబూది పూసుకుని, నల్లబడ్డ బొటనవేలితో వార్డుకొచ్చిన పెద్దాయనకు కట్టు విప్పింది నేనే. కాలు దక్కలేదు.

— ఒక రిటైర్డ్ నర్సు, గుంటూరు