గోల్ఫ్ క్లబ్బులు ఖాళీ తేదీలు ముందే చెప్తే బాగుండు

ఎడిటర్ గారికి నమస్కారం,

మేం బరంపురం తెలుగోళ్లం, షాపులు ఉద్యోగాలు చూసుకుంటూ సరదాకి గోల్ఫ్ ఆడేవాళ్లం, దసరా దగ్గరపడితే చాలు మాలో మాకు ఒకటే గొడవ, ఈ చలికాలం విశాఖ ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ కోర్సుకా, భువనేశ్వరా, లేకపోతే ఖర్చైనా పర్లేదని హైదరాబాద్ గోల్కొండ నయా ఖిల్లా కోర్సుకా అని. అక్టోబర్లో మాత్రం ఎవరం టికెట్ తియ్యం, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ ఆ నెల్లోనే కదా మా మీద పడ్డాయి.

అసలు చిక్కు తుఫాను కాదండి. ఓసారి తెల్లారకముందే బ్యాగులు భుజానేసుకుని ఒక క్లబ్బు గేటు దగ్గర దిగితే వాచ్‌మన్ నోటీసు బోర్డు చూపించాడు, ఇవాళ మెంబర్ల టోర్నమెంటు, బయటోళ్లకి టీ టైమ్ (ఆట మొదలెట్టే సమయం) లేదని, ఫోన్లో అడిగినప్పుడేమో రండి రండి అన్నారు. రైలు ఛార్జీ, లాడ్జి డబ్బులు ఎవరిస్తారు?

హ్యాండీక్యాప్, అదే మన ఆట స్థాయిని చూపే అంకె, దాని సంగతి కూడా ఎవరూ సరిగ్గా చెప్పరు. 2020లో వచ్చిన కొత్త పద్ధతిలో చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసుకుని లెక్కేస్తారని విని, 20 రౌండ్లు ఆడితేగానీ రాదేమోనని మావాళ్లు కొందరు హడలిపోయారు, కానీ మొదలెట్టడానికి 54 హోల్స్, అంటే 18 హోల్స్ రౌండ్లు మూడు ఆడిన స్కోరు కార్డులుంటే సరిపోతుంది, కొత్తగా వెళ్లేవాళ్లు ఒకే ట్రిప్పులో మూడు రౌండ్లు పెట్టుకుని పక్కన ఆడినవాళ్ల చేత కార్డు మీద సంతకం చేయించుకుంటే ఆ పని అయిపోతుంది.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఏ రోజులు ఖాళీ, గ్రీన్ ఫీ (కోర్సులో ఆడటానికి కట్టేది) ఎంత, బ్యాగు మోసే క్యాడీకి ఎంత, ఇవి క్లబ్బుల్ని అడిగి మీ స్పోర్ట్స్ పేజీలో ఒక మూల వేస్తే మాకు చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా