మా నాన్నను కొండరైలెక్కించి క్షేమంగా తీసుకొచ్చిన వాళ్లకు

పోయిన వారాంతం నాన్నను ఊటీ కొండరైలు ఎక్కించి, చూపించి, నెల్లూరు తీసుకొచ్చేశాం. ఇందులో మా గొప్పేమీ లేదు. దారిలో ముక్కూమొహం తెలియని మనుషులు చేసిన సాయం వల్లే ఈ ప్రయాణం మంచిగా ముగిసింది. వాళ్లలో కొందరి పేర్లు అడగడానికి కూడా వీలు కాలేదు. తెలిసిన పేర్లు సైతం ఇక్కడ రాయను, వాళ్లకు ఇష్టముంటుందో లేదో. పేర్లు లేకుండానే అందరికీ దణ్ణం పెడుతున్నాను.

నాన్న బిట్రగుంట లోకో షెడ్‌లో ఫైర్‌మన్‌గా, అంటే స్టీమ్ ఇంజన్లో బొగ్గు వేసి మంట చూసుకునే మనిషిగా చేశారు. కావలికీ నెల్లూరుకీ మధ్య రైల్లో పోయేవాళ్లకు ఇప్పుడు బిట్రగుంట ఒక మామూలు స్టేషన్. స్టీమ్ ఇంజన్లున్న రోజుల్లో అది పూర్తిగా రైల్వే ఊరు. విజయవాడ–మద్రాసు లైనుకు కరెంటు వచ్చాక ఆ షెడ్‌కు పని పోయింది. నాన్న కరెంటు ఇంజన్ల మీదకు మారి డ్రైవర్‌గా రిటైరయ్యారు. జీతం పెరిగింది, ఒంటికి మసి తగ్గింది. అయినా ఆయన కబుర్లు ఎక్కడ మొదలైనా డబ్ల్యూజీ అనే పాత స్టీమ్ గూడ్స్ ఇంజన్ల దగ్గరికే చేరతాయి. డెబ్బై దాటాక మమ్మల్ని ఒక్కటే అడిగారు, నిప్పున్న ఇంజన్ని ఇంకోసారి చూపించమని. రంగులేసి మ్యూజియంలో నిలబెట్టినవి ఆయనకు పనికిరావు. "అవి శవాలురా అబ్బయా" అంటారు.

మొదటి థాంక్స్ ట్రంకు రోడ్డులో నెట్ సెంటర్ నడిపే తమ్ముడికి. శనివారం కొండరైలు టికెట్ దొరకడం తేలిక కాదు. ఉన్నవి కొద్ది పెట్టెలు, అడిగేవాళ్లు దేశమంతా. 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ తెరుచుకుంటుంది. ఆ అబ్బాయి ఆ రోజు షాపు ముందుగా తీసి, మా అందరి వివరాలూ రెడీగా పెట్టుకుని కూర్చున్నాడు. చెన్నై నుంచి రాత్రి బండిలో అమ్మానాన్నలకు కింది బెర్తులు కూడా వచ్చాయి. అనుకున్న చార్జీకి మించి రూపాయి తీసుకోలేదు.

శుక్రవారం పొద్దున నెల్లూరులో పినాకిని ఎక్కి చెన్నై, రాత్రికి నీలగిరి ఎక్స్‌ప్రెస్, తెల్లారేసరికి కొండరైలు బయల్దేరే మెట్టుపాళయం. అక్కడిదాకా చెప్పుకోవాల్సిందేమీ లేదు, చెన్నై సెంట్రల్‌లో సాయంత్రమంతా కూర్చున్న ఉక్కపోత తప్ప.

మెట్టుపాళయంలో మాత్రం నాన్న మా చేతికి చిక్కలేదు. పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకున్నారు. టిఫిన్ తెస్తాను, ఇక్కడే కూర్చోండి అన్నా వినకుండా ఇంజన్ దగ్గరికి వెళ్లిపోయారు. ఈ బండికి ఇంజన్ వెనక ఉంటుంది, కొండ ఎక్కేటప్పుడు పెట్టెల్ని కింది నుంచి నెడుతుంది. ఆయన్ను అక్కడి నుంచి కదిలించి పెట్టె ఎక్కించేసరికి బండి బయల్దేరే టైమైంది. ఇడ్లీ పొట్లం విప్పితే, రెండు ముక్కలు తిని కిటికీలోంచి తల బయటపెట్టారు. మా అబ్బాయి ఫోన్‌లో చూసి చదువుతున్నాడు: 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేశారు, 46 కిలోమీటర్లు, 16 సొరంగాలు, 250 వంతెనలు, 2005లో యునెస్కో గుర్తింపు. నాన్న ఒక్క ముక్క వినలేదు. ఆయన చెవులు వెనకున్న ఇంజన్ మీదే.

కల్లారు దాటాక రెండు పట్టాల మధ్య పళ్ల పట్టా మొదలవుతుంది. ఇంజన్ కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. దాదాపు పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి, అంత ఏటవాలు. శబ్దం మారగానే నాన్న మొహం వెలిగింది. కాసేపటికి ఆ మొహానికే చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, మాట తడబడింది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దారి లేని పెట్టె అది. చుట్టూ అడవి. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాకు గుండెపోటేమోనని టెన్షన్.

ఎదురు సీట్లో కూర్చున్న అక్క నర్సు. కోయంబత్తూరు వైపు ఊరు. నాన్న చెయ్యి పట్టుకుని "పొద్దున ఏం మాత్ర వేసుకున్నారు, ఏం తిన్నారు" అని అడిగింది, అదీ తెలుగులో. జవాబు వినగానే షుగర్ పడిపోయినట్టుంది అంది. మింగగలుగుతున్నారో లేదో ముందు చూసుకుని, తన బాటిల్ నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి కొద్దికొద్దిగా తాగించింది. పావుగంట వాచీ చూసుకుంటూ కూర్చుంది. మనిషి తేరుకున్నాక కూడా వదల్లేదు. చక్కెర నీళ్లతో ఎక్కిన షుగర్ మళ్లీ దిగిపోతుందంటూ మిగిలిన ఇడ్లీలు, పైన బిస్కెట్లు దగ్గరుండి తినిపించింది. మా అమ్మ ముప్పై ఏళ్లుగా చేయలేకపోయిన పని అది. వాళ్లింట్లోనూ తెలుగే మాట్లాడతారట, చదవడం రాయడం మాత్రం రాదట. అక్కా, నీ రుణం మేం తీర్చుకోలేం.

హిల్‌గ్రోవ్‌లో ఇంజన్ నీళ్లు పట్టడానికి బండి ఆగింది. ఈ రైల్లో పెట్టె పెట్టెకూ ముందు వైపు ఒక బ్రేక్‌మన్ నిలబడి ఉంటారు. ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి డ్రైవర్‌కు ముందు దారి కనిపించదు, వీళ్ల జెండాలే ఆయనకు కళ్లు. మా పెట్టె బ్రేక్‌మన్ దిగీదిగగానే కిటికీ దగ్గరికొచ్చి సంగతి కనుక్కున్నారు. ప్లాట్‌ఫామ్ మీద కుర్చీ వేయించారు, వేడి పాలు తెప్పించారు. కూనూరులో డాక్టర్ కావాలంటే ముందే చెబుతామన్నారు. అవసరం లేదని అక్క చెప్పింది. నేను కృతజ్ఞతగా, కాస్త గొప్పగా కూడా, ఈయన పాత స్టీమ్ ఫైర్‌మన్ అని చెప్పాను. నాకొచ్చిన తమిళం అంతంతమాత్రం. ఆ ముక్క మాత్రం వాళ్లకు అర్థమైంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాత ఆ రైలువాళ్లు నడుచుకున్న తీరు. మేమందరం నాన్నను కదలొద్దు, దిగొద్దు, మాట్లాడొద్దు అని కట్టడి చేస్తున్నాం. వాళ్లు మాత్రం కూనూరులో బండి ఆగగానే వచ్చి, రండి సార్ అని ఇంజన్ దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ స్టీమ్ ఇంజన్ విప్పి, ఊటీ దాకా డీజిల్ ఇంజన్ తగిలిస్తారు. పైకి ఎక్కించడం రూలు కాదని డ్రైవర్ చెప్పారు. ఆ మాటతో నాన్నకు ఆయన మీద గౌరవం ఇంకాస్త పెరిగింది. కింద నిలబడే ఫైర్‌మన్‌తో మాటలు కలిపారు. ఆయనది తమిళం, ఈయనది బిట్రగుంట తెలుగు. ప్రెషర్, ఇంజెక్టర్, గేజ్ గ్లాస్ లాంటి మాటలు ఇద్దరికీ ఒకటే. ఇంత ఏటవాలులో బాయిలర్ వంగి ఉంటే గ్లాసులో నీళ్ల మట్టాన్ని ఎట్లా నమ్ముతారని నాన్న అరచెయ్యి వంచి చూపిస్తూ అడిగారు. మంట మండే ఫైర్‌బాక్స్ పైకప్పు మీద నీళ్లు తగ్గితే ప్రమాదం కదా. ఆ యువకుడు నవ్వి, తన చెయ్యి కూడా వంచి ఏదేదో వివరించారు. నాకు అర్థం కాలేదు, నాన్నకు అర్థమైంది. ఆ ఇంజన్‌కున్న నాలుగు సిలిండర్ల సంగతి తర్వాత పెట్టెలో కూర్చుని మాకు నాన్నే చెప్పారు: మామూలు పట్టాల మీద రెండే పనిచేస్తాయి, పళ్ల పట్టా రాగానే ఆ రెంటిలో వాడిన ఆవిరే మిగతా రెంటికీ పోయి పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఒకే ఆవిరితో రెండు పనులు. "బొగ్గు లేదు, ఆయిల్ మంట" అన్నదొక్కటే ఆయన ఫిర్యాదు.

ఊటీ గురించి రాయడానికి పెద్దగా లేదు, చలి, జనం. ఆదివారం బస్సులో కిందికి దిగి తిరుగు బండి పట్టుకున్నాం.

పెద్దవాళ్లను తీసుకెళ్లేవారికి ఒక మాట. పెట్టెల్లో బాత్రూమ్ ఉండదు, స్టేషన్ వచ్చేదాకా ఆగాలి. పైకి అయిదు గంటల దాకా పడుతుంది. చక్కెర, మాత్రలు సామాన్ల సంచిలో కాదు, చేతి సంచిలో పెట్టుకోండి. మాత్ర వేసుకున్నాక తినేదాకా ఇంజన్ చూడనివ్వకండి.

అక్క తెలుగు చదవలేదు కాబట్టి ఇదంతా చదివి వాయిస్ మెసేజ్ పంపాను. నెల్లూరు వస్తే చేపల పులుసు మా అమ్మ చేతిదే తినాలని, కొండ బిట్రగుంట స్వామి దర్శనం నాన్నే దగ్గరుండి చేయిస్తారని కూడా చెప్పాను. నాన్న పక్కనే కూర్చుని, షుగర్ పడిపోయిన సంగతి అంత పొడుగ్గా ఎందుకని విసుక్కున్నారు, అదీ రికార్డయింది.