ఇంగ్లండ్ కౌన్సిలర్లపై ఫిర్యాదులు: సస్పెన్షన్ అధికారం ఒక్కటే వస్తే చాలదు

సంపాదకుల వారికి,

నమస్కారం. భారత పాస్‌పోర్టుతో, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు కూడా ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో ఓటుందని ఇక్కడి తెలుగువారిలో చాలామందికి తెలియదు. కామన్వెల్త్ పౌరులకు ఉన్న హక్కు అది. శాశ్వత నివాసానికి అనుమతి, అంటే ఐఎల్ఆర్, వస్తే పోటీ కూడా చేయొచ్చు. చెత్త సేకరణ, ఇంటి వెనక గది వేసుకోవడానికి ప్లానింగ్ అనుమతి, కౌన్సిల్ టాక్స్, అన్నీ కౌన్సిళ్ల చేతిలోవే. ఓటేసిన కౌన్సిలర్ గాడి తప్పితే ఎవరిని అడగాలి, ఎలా అడగాలి అన్నది అందుకే మనకూ సంబంధించిన విషయం.

2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్‌కూ ఒక ప్రవర్తనా నియమావళి ఉండాలి. దాన్ని ఎవరికి వారే రాసుకోవచ్చు. స్థానిక ప్రభుత్వాల సంఘం 2020 డిసెంబరులో ఒక నమూనా ఇచ్చింది గానీ, అది తప్పనిసరి కాదు. అంతకుముందు కౌన్సిలర్ల ప్రవర్తనను చూసే స్టాండర్డ్స్ బోర్డు ఉండేది, దాన్ని 2012లో ఎత్తేశారు. దానితోపాటే కౌన్సిలర్‌ను సస్పెండ్ చేసే అధికారమూ పోయింది. ఇప్పుడు తప్పు రుజువైనా అభిశంసన తీర్మానం చేయొచ్చు, శిక్షణకు వెళ్లమనొచ్చు, కమిటీ నుంచి తప్పించమని పార్టీ నాయకుడిని కోరొచ్చు. అంతకు మించి ఏమీ లేదు. క్షమాపణ చెప్పమంటే చెప్పనని కూర్చున్నవారిని కదిలించే మార్గం చట్టంలో లేదు. వేల్స్‌లో స్థానిక ప్రమాణాల కమిటీ ఆరు నెలలు, అడ్జుడికేషన్ ప్యానెల్ అనే స్వతంత్ర ట్రిబ్యునల్ ఏడాది దాకా సస్పెండ్ చేయొచ్చు. ప్యానెల్‌కు అయిదేళ్ల దాకా అనర్హత వేటు వేసే అధికారమూ ఉంది.

ప్రభుత్వానికి సలహా ఇచ్చే ప్రజాజీవన ప్రమాణాల కమిటీ 2019 జనవరిలోనే ఆరు నెలల వరకు సస్పెన్షన్ అధికారం ఇవ్వమని సిఫార్సు చేసింది. 2022లో నాటి ప్రభుత్వం కాదంది. ఇప్పటి ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రజాభిప్రాయం సేకరించి, 2025 నవంబరులో ఇచ్చిన జవాబులో చట్టం తెస్తామంది. మేము దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. కాకపోతే చర్చంతా శిక్ష చుట్టూనే తిరుగుతోంది. శిక్ష దాకా వచ్చే ఫిర్యాదులు ఎన్ని? ఎక్కువ భాగం మొదటి పరిశీలనలోనే రాలిపోతాయి. అక్కడ ఏం జరుగుతోందో చూడకుండా సస్పెన్షన్ ఒక్కటే తెస్తే, ఎప్పుడో గాని బయటికి తీయని ఆయుధంగా మిగిలిపోతుంది.

ఫిర్యాదు వెళ్లేది మానిటరింగ్ ఆఫీసర్ దగ్గరికి, అంటే కౌన్సిల్ చట్టప్రకారం నడుస్తోందో లేదో చూసే అధికారి దగ్గరికి. ప్రతి జిల్లా, బరో, యూనిటరీ (జిల్లా, కౌంటీ పనులు రెండూ చేసేది), కౌంటీ కౌన్సిల్‌లో ఈ అధికారి ఉండాలి. అన్నిటికంటే కింది స్థాయిలో ఉండే పారిష్ లేదా టౌన్ కౌన్సిల్ సభ్యుడి మీద ఫిర్యాదు కూడా ఆ ఊరి క్లర్కుకు కాదు, పైనున్న జిల్లా లేదా యూనిటరీ కౌన్సిల్ అధికారికే పంపాలి. క్లర్కుకు ఇస్తే రెండు మూడు వారాలు అక్కడే ఆగిపోతుంది. పైగా క్లర్కు ఆ సభ్యుల దగ్గరే పనిచేసే ఉద్యోగి, ఆయన్ని ఇరకాటంలో పెట్టినట్టవుతుంది.

అధికారి మొదట చూసేవి రెండే. ఆ సమయంలో ఆ వ్యక్తి కౌన్సిలర్ హోదాలో ఉన్నాడా? జరిగింది నిజమే అనుకుంటే నియమావళిలోని ఏదైనా నిబంధనకు విరుద్ధమా? ఈ రెండింట్లో ఒకదానికి కాదని జవాబొస్తే ఫైలు మూసేస్తారు. ఇరుగింటివాడిగా కంచె దగ్గర గొడవపడితే సాధారణంగా నియమావళి వర్తించదు. సోషల్ మీడియాలో కౌన్సిలర్ అని పేరు పక్కన పెట్టుకుని రాస్తే వర్తించే అవకాశం ఎక్కువ. ‘మా అప్లికేషన్ తిరస్కరించారు, అన్యాయం’ అన్నది ప్రవర్తన మీద ఫిర్యాదు కాదు, నిర్ణయం మీద అసంతృప్తి. దానికి ప్లానింగ్ అప్పీలు వేరే ఉంది. మనవాళ్ల ఫిర్యాదులు ఎక్కువగా తిరిగొచ్చేది ఇక్కడే.

‘చాలా పొగరుగా మాట్లాడారు’ అని రాస్తే లాభం లేదు. తేదీ, సమావేశం పేరు, ఆయన అన్న మాటలు అన్నట్టుగానే, విన్నవాళ్ల పేర్లు రాయాలి. ఆ పక్కనే నియమావళిలో ఏ పేరా కిందికి వస్తుందో ఆ సంఖ్య వేయాలి. 2014 నుంచి ఇంగ్లండ్‌లో కౌన్సిల్ బహిరంగ సమావేశాలను ఎవరైనా వీడియో తీయొచ్చు. చాలా కౌన్సిళ్లు తామే రికార్డు పెడతాయి. కొన్ని కొంతకాలానికి తీసేస్తాయి కాబట్టి ముందే దించుకుని, ఎన్నో నిమిషంలో ఉందో ఫిర్యాదులో రాయాలి. మినిట్స్ మీద ఆధారపడొద్దు. అందులో ఉండేది తీర్మానమే, తిట్లు ఉండవు. ఒకే నమూనా ఉత్తరాన్ని నలభై మంది చేత పంపిస్తే బలం పెరగదు. రాజకీయ ప్రచారం అనే ముద్ర పడుతుంది. ఒక్క ఫిర్యాదు, ముగ్గురు సాక్షులు చాలు. అసలు పంపకముందే వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే పరువునష్టం గొడవ ఒకటి, సాక్షులు ఒకరి మాట ఒకరు పట్టుకున్నారన్న అనుమానం ఇంకొకటి.

ఫిర్యాదుదారు పేరు మామూలుగా కౌన్సిలర్‌కు తెలుస్తుంది. గోప్యత కోరొచ్చు గానీ, కారణం గట్టిగా ఉంటేనే ఒప్పుకుంటారు. ఈ సంగతి ముందే తెలుసుకుని దిగడం మంచిది.

డబ్బు, ఆస్తి ప్రయోజనాల దారి వేరు. ఎన్నికైన 28 రోజుల్లో కౌన్సిలర్ తన ప్రయోజనాలను రిజిస్టర్‌లో నమోదు చేయాలి. భార్యకు లేదా భర్తకు ఉన్నవి కూడా, తనకు తెలిసినంత మేర, తనవి కిందే లెక్క. రిజిస్టర్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆరోపణ చేసేముందు అది తెరిచి చూడటం అయిదు నిమిషాల పని. తగిన కారణం లేకుండా ఆ ప్రయోజనం దాచిపెట్టి చర్చలో పాల్గొంటే, ఓటేస్తే, నేరం. దాన్ని తేల్చేది మానిటరింగ్ ఆఫీసర్ కాదు, పోలీసులు, ఆపైన కోర్టు. కేసు పెట్టే అధికారం ప్రాసిక్యూషన్స్ డైరెక్టర్‌దే, నేరం జరిగి మూడేళ్లు దాటితే అదీ కుదరదు. శిక్ష పడితే జరిమానాతోపాటు అయిదేళ్ల దాకా అనర్హత విధించొచ్చు. అన్నదమ్ములు, స్నేహితుల ప్రయోజనాలు ఈ నేరం కిందికి రావు. వాటిని నియమావళి ద్వారానే అడగాలి. ఈ తేడా తెలియక పోలీస్ స్టేషన్‌కూ కౌన్సిల్‌కూ మధ్య తిరిగి నెలలు పోగొట్టుకునేవారున్నారు.

మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇండిపెండెంట్ పర్సన్ సంగతి. కౌన్సిల్‌తో సంబంధం లేని వ్యక్తి కనీసం ఒకరిని, పారిష్, టౌన్ కౌన్సిళ్లు తప్ప, ప్రతి కౌన్సిల్ నియమించుకోవాలి. దర్యాప్తు చేసిన ఆరోపణపై నిర్ణయం తీసుకునేముందు ఆయన అభిప్రాయం అడిగి లెక్కలోకి తీసుకోవాలి. ఇంతవరకు బాగుంది. ఆరోపణ ఎదుర్కొంటున్న కౌన్సిలర్ కూడా ఆయన అభిప్రాయం అడగొచ్చని చట్టం రాసింది. ఫిర్యాదుదారు అడగొచ్చని ఎక్కడా లేదు. అవమానపడిన పౌరుడికీ, పారిష్ క్లర్కుకూ తలుపు మూసి, ఆరోపితుడికి తెరిచిపెట్టడం ఏం న్యాయం? పైగా దర్యాప్తు అక్కర్లేదని మొదట్లోనే మూసేసే ఫిర్యాదుల్లో ఆయన్ని అడగడం తప్పనిసరి కాదు. రాలిపోయేవి ఎక్కువగా ఆ దశలోనే కాబట్టి స్వతంత్ర దృష్టి పడాల్సిందీ అక్కడే.

ఈ దారి నమ్మకంగా లేనప్పుడు కౌన్సిళ్లు పక్కదారి వెతుక్కుంటాయి, అసలుకే మోసం వస్తుంది. లెడ్‌బరీ టౌన్ కౌన్సిల్ ఒక కౌన్సిలర్ మీద వచ్చిన ఆరోపణలను ఉద్యోగుల ఫిర్యాదుల పద్ధతిలో విచారించి, కమిటీల నుంచి తప్పించి ఆంక్షలు పెట్టింది. 2018లో హైకోర్టు అది చెల్లదంది. నియమావళి దారి ఉండగా సమాంతర విచారణ కుదరదన్నది ఆ తీర్పు సారం. ఆ చిన్న కౌన్సిల్ మీద పడిన ఖర్చంతా పన్ను కట్టేవారిదే.

కొత్త చట్టం రాసేవాళ్లు, మన ఓటు అడగడానికి వచ్చేవాళ్లు ఈ మార్పులు చేయాలని కోరుతున్నాం. మొదటి పరిశీలనకు దేశమంతటికీ ఒకే గడువు పెట్టాలి, ఎందుకంటే ఇప్పుడు ఏ కౌన్సిల్ గడువు ఆ కౌన్సిల్‌దే. తిరస్కరించే ముందు ఇండిపెండెంట్ పర్సన్ అభిప్రాయం తీసుకోవాలి, ఫిర్యాదుదారుకూ ఆయనతో మాట్లాడే హక్కు ఇవ్వాలి. దర్యాప్తు మధ్యలో కౌన్సిలర్ రాజీనామా చేసినా నివేదిక పూర్తిచేసి ప్రచురించాలి. లేకపోతే రాజీనామా చేసి, తప్పు బయటపడకుండానే మళ్లీ మే నెల ఎన్నికల్లో పోటీకి నిలబడొచ్చు. పారిష్ కౌన్సిళ్ల ఫిర్యాదుల దర్యాప్తు ఖర్చు జిల్లా కౌన్సిళ్లు భరిస్తున్నాయి కాబట్టి దానికి విడిగా నిధులివ్వాలి. డబ్బు లేని చోట ‘దర్యాప్తులో ప్రజాప్రయోజనం లేదు’ అన్న ముక్క తేలిగ్గా వచ్చేస్తుంది.

ఇంకో సాంకేతిక అంశం. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం 85వ సెక్షన్ కింద, కౌన్సిల్ ఆమోదం లేకుండా వరుసగా ఆరు నెలలు సమావేశాలకు రాని సభ్యుడు పదవి కోల్పోతాడు. ఆరు నెలల సస్పెన్షన్ పడినవారికి ఆ సెక్షన్ నుంచి స్పష్టమైన మినహాయింపు రాయకపోతే, తాత్కాలిక శిక్ష కాస్తా పదవీచ్యుతి అవుతుంది. మొదటి కేసే కోర్టుకెక్కుతుంది.

అప్పటిదాకా ఉన్న దారిలోనే వెళ్లాలి. ఫిర్యాదును కౌన్సిల్ సరిగా నడపలేదనిపిస్తే, విషయం తెలిసిన పన్నెండు నెలల్లోగా లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. కౌన్సిలర్ తప్పు చేశాడా లేదా అన్నది ఆ కార్యాలయం మళ్లీ విచారించదు. ఫిర్యాదును నడిపిన తీరులో లోపం ఉందేమో చూస్తుంది. అందుకని మానిటరింగ్ ఆఫీసర్‌కు పంపిన ప్రతి ఈమెయిలూ, వచ్చిన ప్రతి జవాబూ తేదీల వరుసలో దాచుకోవాలి.

ఇట్లు,
ఇంగ్లండ్‌లోని కొందరు తెలుగు పాఠకులు