ఫిన్నిష్‌ను తెలుగు లిపిలోనే నేర్పండి

సంపాదకులకు,

గుంటూరు నుంచి ఫిన్లాండ్‌ వెళ్లే విద్యార్థులకు ఫిన్నిష్ మాటలను ఇంగ్లిష్ స్పెల్లింగుతో బట్టీ పట్టిస్తున్నారు. తెలుగు లిపే దానికి చక్కగా సరిపోతుంది. మనకు గడి, గాడి, గడ్డి వేరైనట్టే వాళ్లకు తులి నిప్పు, తూలి గాలి, తుల్లి కస్టమ్స్. దీర్ఘం, ఒత్తు తప్పితే అర్థమే మారిపోతుంది. ఊనిక (నొక్కి పలకడం) ఎప్పుడూ మొదటి అక్షరం మీదే.

హోటల్లో ‘సైసింకో’ (ఇస్తారా) అని మొదలుపెట్టాలి. కాఫీ కహ్వి, అడిగేటప్పుడు చివర ‘న్’ చేరి ‘సైసింకో కహ్విన్’ అవుతుంది. మంచినీళ్లకు మాత్రం ‘వెత్త్యా’. ‘ప్లీజ్’కు విడిగా మాట లేదు, చివర ‘కీతోస్’ అంటే చాలు. ‘త్యాల్ల్యా వై ముకాన్?’ అంటే ఇక్కడే తింటారా, పార్సిలా అని. పార్సిల్‌కు ‘ముకాన్, కీతోస్’.

శాకాహారులు ముందు నేర్వాల్సింది ‘ఒంకో త్యాస్స్యా లిహా?’ (ఇందులో మాంసం ఉందా?). ఉంటే ‘ఒన్’ అంటారు, లేకపోతే ‘ఎయ్’. అది కసురు కాదు, కంగారుపడొద్దు! కన కోడి, కల చేప. ఒక్క హల్లే తేడా. నౌదన్‌లిహ గొడ్డుమాంసం, సియన్‌లిహ పందిమాంసం. యౌహెలిహ అంటే కైమా, అందులో ఆ రెండూ కలిసి ఉండొచ్చు, కాబట్టి అడగాలి.

మెనూలో ‘ఎల్’ అక్షరం చూసి పాలు లేవనుకోవడం మామూలు పొరపాటు. అది లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేదని మాత్రమే. పాలే లేనిదానికి గుర్తు ‘ఎమ్’.

– ఫిన్నిష్ బోధకులు, బ్రాడీపేట, గుంటూరు